మిరపకాయల నెలలో తేలిన లెక్క

మిగతా నెలలు ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం. మార్చి వచ్చిందంటే మాత్రం నాకు టెన్షన్ మొదలయ్యేది. గుంటూరులో ఉండి ఏడాదికి సరిపడా కారం పట్టించకుండా ఎలా ఉంటాం? మిరపకాయల వెనకే కందిపప్పు, ఆ తర్వాత ఆవకాయకు మామిడికాయలు, నూనె, జూన్‌లో పిల్లల ఫీజులు. రెండేళ్ల క్రితం నా గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాం. ఆ రోజు చాలా బాధేసింది. ఇద్దరం సంపాదిస్తున్నాం, దుబారా లేదు. మరి డబ్బు ఎటు పోతోంది?

ముందు నోట్‌బుక్ పెట్టాను. రాయడం కష్టం కాదు కానీ నెలాఖరున పాలకెంత, కూరలకెంత అని విడదీసి కూడటానికి ఒక ఆదివారం పట్టేది.

తర్వాత ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. బ్యాంకు మెసేజ్‌లు చదివి ఖర్చులు తనే రాసుకుంటుంది. మొదటి నెలే లెక్క తప్పింది. నేను మా ఆయన ఖాతాలో వేసిన 15,000 కూడా ఖర్చు కిందే రాసింది. క్రెడిట్ కార్డు మీద సరుకులు కొంటే ఒకసారి, ఆ బిల్లు కట్టినప్పుడు ఇంకోసారి, ఒకే డబ్బు రెండుసార్లు పడింది. రైతు బజార్‌లో నోట్లిచ్చి కొన్న కూరలు దానికి కనపడనే లేదు. పైగా ఓటీపీలతో సహా నా మెసేజ్‌లన్నీ దాని చేతికిచ్చినట్టే. అది నచ్చక తీసేశాను.

చివరికి గూగుల్ షీట్స్‌లో, అంటే ఫోన్‌లోనే గళ్ల పట్టికలో లెక్కలు రాసుకునే యాప్‌లో, కుదురుకున్నాను. తేదీ, పద్దు, ఎంత, ఎవరు ఇచ్చారు, అంతే. ఒకే షీటు మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది. సమ్‌ఇఫ్ అనే ఫార్ములా ఒక్కటి నేర్చుకుంటే చాలు, 'పాలు' అని ఉన్న వరసలన్నీ వెతికి దానంతటదే కూడుతుంది. కాకపోతే పద్దు పేరు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక చోట 'కూరలు', ఇంకో చోట 'కూరగాయలు' అని రాస్తే రెండోది లెక్కలోకి రాదు. అందుకే పేర్లు డ్రాప్‌డౌన్‌లో, అంటే నొక్కితే తెరుచుకునే జాబితాలో, పెట్టేశాను. మొదట ఇరవై ఆరు పద్దులు రాసుకున్నా, తొమ్మిదికి తగ్గించాకే రోజూ రాయగలిగాం. (బియ్యానికి ధర రాసేటప్పుడు బస్తా తూకం కూడా రాయండి. 2022 జూలైలో 25 కిలోల వరకూ ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక, ఆ పన్ను పడకుండా 26 కిలోల బస్తాలు వచ్చాయి. తూకం రాయకపోతే పోయినసారి ధరతో పోల్చలేం.)

ఇంత చేసినా అసలు లోటు కనిపెట్టింది మా అత్తయ్య. షీటు చూపిస్తే కాసేపు చూసి, "నెలకొచ్చే ఖర్చులే రాశావు గదమ్మా, కాలానికొచ్చేవి ఏవీ?" అన్నారు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. కారం, పప్పు, పచ్చళ్లకు 24,000. ఫీజులు 60,000. బీమా ప్రీమియం 18,000. సంక్రాంతి బట్టలకు 12,000. మొత్తం 1,14,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,500. అంటే నెలనెలా మిగిలిందనుకుని ఖర్చు పెట్టేస్తున్న డబ్బు మిగులే కాదు! ఇప్పుడు జీతం పడిన రోజే ఆ 9,500 వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేస్తాను. దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. మొదటి మూడు నెలలు చేతులు కట్టేసినట్టే ఉంది. బయట భోజనాలు మానేశాం, మా ఆయన కొత్త ఫోన్ వాయిదా వేసుకున్నారు.

ఈ మార్చిలో మిరపకాయలకు డబ్బు ఆ ఖాతాలోంచే తీశాను, ఎవరినీ అడగలేదు. డాబా మీద ఎండబోసి, తొడిమలు తీయించి, మరకు పంపాం. సాయంత్రం షీటు తెరిచి ఖర్చు రాస్తుంటే అత్తయ్య కారం జాడీకి వాసెన కడుతూ అడిగారు: "తొడిమలు తీసిన కూలీ, మర కూలీ కూడా వేశావా?"

వేయలేదు. ఇంకో రెండు వరసలు కలిపాను.