ఒకటిన్నర జిరాక్సు కాగితం

బుజ్జిగాడు పై స్థాయికి వెళ్ళిన ప్రతిసారీ క్లారినెట్ కీచుమంటోందని, కొత్తది కొనిపెట్టాలేమో కాస్త చూడమని మా అక్క ఫిబ్రవరిలో బరంపురం నుంచి ఫోన్ చేసింది. కొత్తదంటే మాటలా? వాడి దగ్గరున్నది యమహా 450, చెక్కది, రెండేళ్ళ కిందట సెకండ్‌హ్యాండులో దొరికితే నేనే దగ్గరుండి కొనిపించాను, దానికే రోగమూ లేదని నాకు తెలుసు. అయినా మేనమామని కదా, ఆదివారం వాడు క్లాసుకి ఇచ్ఛాపురం వచ్చినప్పుడు పెట్టె తెరిపించాను. రీడు (ఊదినప్పుడు అదిరి శబ్దం పుట్టించే పల్చటి రేకు) ఎప్పుడు మార్చావురా అంటే దసరాకి అన్నాడు. దసరాకి! అంచు నల్లబడి, ఒక మూల చిట్లి, వేలితో తాకితే ఊడొచ్చేలా ఉంది. కొత్త రీడు వేస్తే కీచుమనడం సగం తగ్గిపోయింది.

కాబట్టి పిల్లల కోసం కొత్త క్లారినెట్ గానీ, కొత్త మౌత్‌పీస్ (నోట్లో పెట్టి ఊదే భాగం, రీడు దీనికే బిగిస్తారు) గానీ కొందామని బయల్దేరినవాళ్ళు ముందు రీడు మార్చి చూడండి. తర్వాత ప్యాడ్లు, అంటే కన్నాల్ని మూసే మెత్తటి బిళ్ళలు. క్లారినెట్ పై ముక్క విప్పి, కన్నాలన్నీ వేళ్ళతో మూసి, కింది చివర అరచేత్తో మూసి, పైనుంచి నోటితో గాలి లాగండి. గాలి పట్టు నిలవాలి. నిలవకపోతే ఎక్కడో ప్యాడు కారుతోందన్నమాట, అప్పుడు ఎంత ఖరీదైన మౌత్‌పీస్ పెట్టినా డబ్బు దండగ.

బుజ్జిగాడి ప్యాడ్లు బాగానే ఉన్నాయి. రీడు మార్చాక కూడా ఒక సమస్య మిగిలింది. కాస్త గట్టిగా ఊదితే శబ్దం పెరగకుండా మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. వాడేమో పదో తరగతి, ఛాతీ పెరిగింది, పెదవి బలపడింది, ఊపిరి రెండింతలైంది. మౌత్‌పీస్ మాత్రం 4సీ. యమహా వాళ్ళు మొదటిరోజు నేర్చుకునే పిల్లల ప్లాస్టిక్ క్లారినెట్‌తో ఇచ్చేదీ అదే, దానికన్నా పై మెట్టులో ఉన్న ఈ 450తో ఇచ్చేదీ అదే. 4సీ చెడ్డదని నేను అనను, మొదటి రెండేళ్ళకి దానికి మించింది లేదు, చిన్న ఊపిరికే పలుకుతుంది. కానీ వాయిద్యం పై క్లాసుకి వెళ్ళింది, మూతి మాత్రం ఒకటో తరగతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ నేనో తప్పు చేశాను, చెప్పుకోవాలి. ఆన్‌లైన్లో ఊరూ పేరూ లేని మౌత్‌పీస్ ఒకటి చవగ్గా కనిపిస్తే, ఫోటోలో నల్లగా నిగనిగలాడుతోంది కదా అని తెప్పించాను. దాన్ని చూసిన వాడి క్లారినెట్ మాస్టారు (మాది పాత పరిచయం, డిగ్రీ రోజుల్లో ఆయన బ్యాండులో నాలుగు పెళ్ళి సీజన్లు ఊదినవాణ్ణి) రీడు బిగించి, మౌత్‌పీస్ కింది కన్నం అరచేత్తో మూసి, నోట్లో పెట్టుకుని గాలి లాగి వదిలారు. అలా చేసినప్పుడు రీడు లోపలికి అతుక్కుని, ఒకట్రెండు క్షణాలు అలాగే ఉండి, టప్పుమని విడిపోవాలి. ఇది అసలు అతుక్కోనే లేదు. అద్దం మీద పెట్టి చూపించారు, రీడు ఆనే చదును భాగం చదునుగా లేదు, కిటికీకి, అంటే గాలి లోపలికి పోయే తెరుపుకి, రెండు పక్కలా ఉండే సన్నటి గట్లలో ఒకటి లావు, ఒకటి సన్నం. "ఇది ఊదడానికి కాదు బాబూ, పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకోడానికి" అన్నారు. అప్పట్నుంచి అది నా టేబుల్ మీదే ఉంది.

సరే, అసలు విషయం. మౌత్‌పీస్‌లో చూడాల్సింది బయటి మెరుగు కాదు, రీడు కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య ఉండే సందు. ఆ సందు ఎంత వెడల్పు, రీడు నుంచి మౌత్‌పీస్ వంపు తిరిగి దూరమవడం ఎంత కింద మొదలవుతుంది, ఈ రెండూ తెలిస్తే సగం తెలిసినట్టే. ఫ్రాన్సు వాండోరెన్ కంపెనీ (1905 నుంచి ఉంది) ఈ సందుని మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన చెబుతుంది. బ్యాండు వాళ్ళందరి నోటా నానే బీ45 సందు 119.5, అంటే 1.195 మిల్లీమీటర్లు. ఎం15 సందు 103.5. మధ్యలో 5ఆర్‌వీ లైర్ అని ఒకటుంది, అది 109.5. బీ45కీ ఎం15కీ తేడా 0.16 మిల్లీమీటరు, సుమారుగా ఒకటిన్నర జిరాక్సు కాగితం మందం. ఆ కాగితంన్నర తేడాకే ఒకే పిల్లాడు, ఒకే క్లారినెట్, రెండు వేరు వాయిద్యాల్లా వినిపిస్తాయి. నమ్మకపోతే విని చూడండి.

సందు తక్కువున్న మౌత్‌పీస్‌కి గట్టి రీడు కావాలి, ఎక్కువున్నదానికి మెత్తటిది. సందు తక్కువగా ఉండి రీడు గట్టిగా ఉంటే స్వరం కదలదు, హార్మోనియం మెట్టు నొక్కినట్టు నిలబడుతుంది. పాశ్చాత్య సంగీతం పుస్తకం పెట్టుకుని వాయించేవాళ్ళకి అది వరం. మనకి గమకం కావాలి, జారు కావాలి, రిషభం మీద నిలబడి ఊగాలి, పెదవి కొంచెం వదిలితే స్వరం కిందికి జారాలి, బిగిస్తే పైకి రావాలి. సందు పెద్దదైతే ఆ వెసులుబాటు దొరుకుతుంది, కానీ షడ్జం దగ్గర నిలబెట్టే బాధ్యత కూడా పెదవి మీదే పడుతుంది. క్లారినెట్ మీద గమకం పలకదనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఏ.కె.సి. నటరాజన్ గారికి ఆ వాయిద్యం మీద కర్ణాటక సంగీతం వాయించినందుకే 2022లో పద్మశ్రీ వచ్చిందని చెబితే మాట మారుస్తారు.

మా వాడి సంగతి ఇంకా చిక్కు. ఆదివారం ఇక్కడ మాయామాళవగౌళలో జంట వరుసలు, వారం మధ్యలో బరంపురంలో స్నేహితుల బ్యాండుతో ఒడియా పెళ్ళి ఊరేగింపు పాటలు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ తాళం లెక్క మాత్రం ఏక, దుయి, తిని, చారి అని ఒడియాలోనే పెట్టుకుంటాడు. వాడికి రెండు పనులూ చేసిపెట్టే మౌత్‌పీస్ కావాలి.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర ఏ రీడు దొరుకుతుందో చూసుకుని మౌత్‌పీస్ కొనాలి గానీ, మౌత్‌పీస్ కొన్నాక రీడు కోసం వెతకడం కాదు. ఇటు ఇచ్ఛాపురంలో గానీ అటు బరంపురంలో గానీ మేం అడిగిన చోట దొరికితే రెండు, రెండున్నర నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ రీడు గట్టి) దొరుకుతాయి, అంతే. మూడున్నర కావాలంటే తెప్పించుకోవాలి, పెట్టెకి పది వస్తాయి, ఆ పదిలో నాలుగు బాగా పలికితే అదృష్టం, వానాకాలం సముద్రపు గాలికి కొస అలలు తిరిగిపోతుంది, అప్పుడు నాలుగు కాస్తా మూడవుతాయి. మాస్టారైతే గట్టి రీడుని బ్లేడుతో గీకి మెత్తబరుచుకుంటారు. పదో తరగతి పిల్లాడి చేతికి బ్లేడు ఇవ్వమంటారా?

మార్చిలో పరీక్షలయ్యాక ముగ్గురం బరంపురంలో హౌరా బండి ఎక్కాం. మాస్టారికి కలకత్తాలో డ్రమ్ము తోళ్ళు కొనే పని ఉంది, లాల్‌బజార్ దగ్గర రబీంద్ర సరణిలో వాయిద్యాల కొట్లు వరుసగా ఉంటాయి, మాకూ పని అక్కడే. ఒక కొట్టులో బీ45, 5ఆర్‌వీ లైర్, ఎం15 మూడూ ఉన్నాయి, ఊది చూస్తామంటే ముందు కాస్త మొహం చిట్లించినా, మా రీడ్లు మేం తెచ్చుకున్నామని చూపిస్తే ఒప్పుకున్నారు. ఈ రీడ్ల ఆలోచన మాస్టారిదే. మూడింటికీ ఒకే రెండున్నర రీడు పెట్టి పోల్చితే ఎం15కి అన్యాయం చేసినట్టే, అది ఆ మెత్తదనానికి పలకదు. అందుకని రెండున్నర, మూడు, మూడున్నర, మూడు రకాలూ సంచీలో పెట్టుకున్నాం.

మాస్టారు కుర్చీ గోడవైపు తిప్పుకుని కూచున్నారు. "పేర్లు నాకు సెప్పకండి, ఊదించండి." ముందు మౌత్‌పీస్‌కి బ్యారెల్ (దాని కిందనే ఉండే పొట్టి గొట్టం) ఒక్కటే తగిలించి ఊదించారు. బీ ఫ్లాట్ క్లారినెట్‌కి అలా ఊదితే ఎఫ్ షార్ప్ దగ్గర్లో పలకాలి, ఊగకుండా. నేను ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టుకుని చూశాను. తర్వాత అన్నిటికన్నా కింది స్వరం దీర్ఘంగా, తర్వాత ఏ నుంచి బీకి దాటడం, అంటే ఒక్క వేలితో పలికే స్వరం నుంచి వేళ్ళన్నీ మూసే స్వరానికి, పిల్లలందరూ తడబడే గట్టు అది. చివర మోహనలో రెండు నిమిషాల ఆలాపన.

ఎం15, మూడున్నర రీడు. తేనె. నిజంగా తేనె. నేనైతే అక్కడే డబ్బులు తీసేవాణ్ణి. కానీ పది నిమిషాలకి బుజ్జిగాడి పెదవి వణకడం మొదలైంది, ఆలాపనలో జారు రావాల్సిన చోట మెట్టు దిగినట్టు వచ్చింది. మాస్టారు గోడవైపు చూస్తూనే, "పెళ్ళికొడుకు గుర్రం ఈది మలుపు తిరిగేలోగా గుంటడు పడిపోతాడు" అన్నారు.

బీ45కి రెండున్నర వేశాం. మొదటి ఊపుకే పక్క కొట్టులో వాళ్ళు తలెత్తి చూశారు. జారు అంటే జారు, గట్టిగా ఊదమంటే ఊరంతా వినపడేలా ఉంది. బుజ్జిగాడి మొహం వెలిగిపోయింది, ఇదే కొందాం మావయ్యా అన్నాడు. తప్పు ఎక్కడంటే, ప్రతి దీర్ఘస్వరం చివరా స్వరం నీళ్ళలో మునిగినట్టు కిందికి దిగిపోతోంది. షడ్జంలో ఆగాల్సింది, వీధి చివర్లో ఎక్కడో తేలుతోంది. వాడికి వినపడలేదు, ట్యూనర్‌కి వినపడింది, మాస్టారికి ట్యూనర్ అక్కర్లేకుండానే వినపడింది.

5ఆర్‌వీ లైర్ కూడా రెండున్నరతోనే. మొదట ఏమీ అనిపించలేదు నాకు. ఎం15 అంత తీపీ లేదు, బీ45 అంత గొంతూ లేదు. కానీ ఏ నుంచి బీకి దాటినప్పుడు ఆ గట్టు ఎక్కడుందో తెలియలేదు. కింది నుంచి పైదాకా ఒకే మనిషి పాడినట్టుంది. మాస్టారు అప్పుడు కుర్చీ ఇటు తిప్పారు. "ఇదేటి బాబూ? ఒకపాలి మళ్ళీ ఊదు."

అదే కొన్నాం. ఆయన మౌత్‌పీస్ మాత్రం ఏళ్ళ తరబడి బీ45, పంటి గాట్లు పడి అరిగిపోయిన బీ45. మరి నాకెందుకు వద్దన్నారు మాస్టారూ అని బుజ్జిగాడు ఉక్రోషంగా అడిగితే, "నా పెదవి నీకంటే నలభయ్యేళ్ళు పెద్దది" అన్నారు.

ధర ఒక చిన్న స్మార్ట్‌ఫోను అంత అయింది, అక్కకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. వాడు బంగారు రంగు బిగింపు కూడా కావాలన్నాడు, పాతది రీడుని బాగానే పట్టి ఉంచుతోంది కదా అని వద్దన్నాను. అలిగాడు, ఖరగ్‌పూర్ దాటేదాకా మాట్లాడలేదు.

కొనేవాళ్ళు శ్రుతి సంగతి ఒకటి చూసుకోండి. వాండోరెన్ మామూలు మౌత్‌పీస్‌లు 442 శ్రుతికి (ఏ స్వరం సెకనుకి 442 కంపనాలు) చేస్తారు, పేరు పక్కన 13 అని ఉంటే అది 440కి. మన కీబోర్డులు 440. దానికి తోడు మన ఎండలకి క్లారినెట్ వేడెక్కి శ్రుతి పైకి పోతుంది, మే నెల మధ్యాహ్నం ఊరేగింపులో ఇంకా పోతుంది. మాకు దొరికింది మామూలుదే, బ్యారెల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి సర్దుకుంటున్నాం, ఏం కొంప మునగలేదు, కానీ రెండూ ఉంటే 13దే అడగండి.

వేడంటే గుర్తొచ్చింది. బుజ్జిగాడి పాత మౌత్‌పీస్ ప్లాస్టిక్‌ది, కుళాయి నీళ్ళతో కడిగేసేవాళ్ళు. ఈ కొత్తది ఎబొనైటు, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఇల్లు చేరిన వారానికే అక్క శుభ్రంగా ఉంటుందని గ్లాసులతో పాటు వేణ్ణీళ్ళలో వేసింది. నల్లటిది కాస్తా పాచిపట్టిన ఆకుపచ్చగా మారింది, నోట్లో పెడితే దీపావళి మర్నాటి వీధి వాసన. అదృష్టం, కొస వంకర పోలేదు, పలకడంలో తేడా లేదు. చల్లనీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే అని ఒక కాగితం మీద రాసి వాళ్ళ వంటింటి గోడకి అంటించి వచ్చాను.

నెలన్నర అయింది. రెండున్నర రీడు ఇప్పుడు వాడికి మెత్తబడిపోయింది, గట్టిగా ఊదితే మూసుకుపోతోంది, మూడుకి వెళ్ళమన్నారు మాస్టారు. పెట్టె ఆర్డరు పెట్టాను. ఇప్పటికి తొమ్మిది రోజులైంది, కొరియర్ వాళ్ళని అడిగితే శ్రీకాకుళం దాకా వచ్చిందంటున్నారు.