వంక కొలిస్తే మా చేనే బయటపడింది

శనివారం రాత్రి కురిసిన వానకు మా ఊరి వంక, అదే చిన్న వాగు, పారింది. ఇవాళ మంగళవారం, ఇంకా సన్నగా పారుతూనే ఉంది. ఈ సంతోషమూ, దీనికోసం నేను పడిన అవమానమూ పచ్చిగా ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

మాది ఉమ్మడి అనంతపురం జిల్లా. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. మా వంక పోయి చిత్రావతిలో కలుస్తుంది. నా చిన్నప్పుడు సంక్రాంతి దాటినా వంకలో చెలమ తోడితే నీళ్లు ఊరేవి. తర్వాత ఇసుక ట్రాక్టర్లెక్కి పోయింది, సర్కారు తుమ్మ మొలిచింది, రెండు పక్కలా చేన్లు లోపలికి జరిగాయి. గట్టి వాన పడితే నీళ్లు వంక వదిలి రోడ్డు మీద పారేవి.

వంకను మళ్లీ బాగుచేసుకుందామని అనుకున్నాక రచ్చబండ దగ్గర మీటింగు, కమిటీ, చందాలు వారంలో అయిపోయాయి. ఎకరాకు ఇంతని వేసుకున్నాం, బెంగళూరులో ఉన్న పిల్లలు ఫోన్‌పే చేశారు.

ఆఫీసుల సంగతి అందరికీ తెలిసిందే. వంక పోరంబోకు కాబట్టి రెవెన్యూది అని ఒకరు, నీళ్లు పారేది కాబట్టి ఇరిగేషన్‌ది అని ఇంకొకరు, ముందు పంచాయతీ తీర్మానం తెమ్మని మరొకరు. తీర్మానం పట్టుకుపోతే సారు క్యాంపు. అర్జీ ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నా మొదటి అర్జీ "కనపడటం లేదు" అన్నాకే నాకు ఆ బుద్ధి వచ్చింది. ఆ మాట చెప్పినాయన తల కూడా ఎత్తలేదు.

అసలు కథ సర్వే రోజు జరిగింది.

అర్జీతో పాటు ఆక్రమణదారుల జాబితా ఒకటి నేనే రాసిచ్చాను. ఏడు పేర్లు. మొదటి పేరు మా చిన్నాయనది. ఆయన, ఇంకో ఇద్దరు ఇంటికొచ్చి "శెనక్కాయ పెరికేదాకా ఆగప్పా, నెల రోజులే" అని అడిగారు. నేను ఆగలేదు. పైగా ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. అప్పట్లో నేను బాగా ఊపు మీద ఉన్నాను.

సర్వేయరు ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు, రోవర్ (శాటిలైట్‌తో కొలిచే పరికరం) పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. పటంలో మా చేను దగ్గర వంక వెడల్పు 110 లింకులు. లింకంటే సుమారు 8 అంగుళాలు, లెక్క కడితే 72 అడుగుల పైమాటే. నేల మీద చూస్తే 30 అడుగులు కూడా లేదు. చిన్నాయన చేన్లో హద్దు రాయి పడింది. ఆయన ఏమీ అనలేదు. అట్లా ఒక్కొక్క చేనూ కొలుస్తూ మధ్యాహ్నానికి మా గట్టు దగ్గరికి వచ్చారు. మా గట్టు మా జేజినాయన వేసింది, దాని మీద నాకు ఇసుమంత అనుమానం లేదు. సర్వేయరు గట్టు దాటి లోపలికి నడిచాడు. ఇంకా నడిచాడు. చీనీ (బత్తాయి) చెట్ల మధ్య ఆగి, "రాయి ఇక్కడన్నా" అన్నాడు.

18 సెంట్లు. అందులో కాపు మీదున్న చీనీ చెట్లు 11.

మళ్లీ కొలవమన్నాను. కొలిచాడు. అదే చోటు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఈ కాయ కోసుకునేదాకా ఆగితే..."

చిన్నాయన కోప్పడలేదు, కొట్లాడలేదు. జేబులోంచి ఫోన్ తీసి, సౌండు పెంచి, నా వాయిస్ మెసేజే పెట్టాడు. "వంకకు పంటలతో పనిలేదు. ఆక్రమించినోళ్లు ఎవరైనా సరే, రేపే ఖాళీ చేయాల." నలభై మంది ముందర నా గొంతే. "అబ్బోడా, ఇది ఎవరి గొంతో గుర్తుపడతావా?" అన్నాడు. సర్వేయరు కూడా నవ్వాడు. అది మాత్రం ఇంకా మర్చిపోలేకున్నాను.

మా నాయన గట్టు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. రెండో రోజు చెట్లు తీయించాను. ఆయన తొమ్మిది రోజులు నాతో పలకలేదు. మిగిలిన ఏడుగురూ మాత్రం ఆ వారంలోనే ఎవరి గట్టు వాళ్లు వెనక్కి జరుపుకున్నారు. ఒక్క కేసు లేదు, ఒక్క కొట్లాట లేదు. మా మండలంలో ఇట్లా జరిగిన ఊరు ఇంకొకటి ఉంటే చూపించండి.

రాజస్థాన్‌లో ఆల్వార్ వైపు ఆర్వరి నదిని ఊళ్లవాళ్లే బతికించుకున్న కథ మా కమిటీలో అందరం ఫోన్లలో చూశాం. 1999లో 70కి పైగా ఊళ్లు కలిసి నదికి పార్లమెంటు పెట్టుకున్నాయంటే, నదికి పార్లమెంటేమిటని నవ్వుకున్నాం. ఇప్పుడైతే నవ్వు రాదు.

మీరూ మొదలుపెడితే జాబితా రాయకముందే మీ సొంత సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ తీసుకుని చూసుకోండి. సర్కారు తుమ్మను పైపైన నరికితే దండగ, వానలకు రెండింతలు చిగురుస్తుంది, మొద్దును మట్టి లోపలి నుంచి పెకలించాలి. ఉపాధి పనిలో మిషన్లు పెట్టకూడదు. అందుకే కంప, పూడిక చందా డబ్బుతో జేసీబీ పెట్టి తీయించి, గుట్ట కింద రాతి కట్టలు, కందకాలు ఉపాధి కూలీలతో చేయించాం. రెండూ కలిపితే మస్టర్ (కూలీల హాజరు పట్టీ) దగ్గర ఇరుక్కుంటారు.

ఆదివారం పొద్దున నాయన గొడుగు పట్టుకుని వంక దగ్గరికి పోయాడు. వెనకే నేనూ పోయాను. నీళ్లు సర్వే రాయి దాటి మా చేన్లోకి రెండు బారలు వచ్చి ఉన్నాయి. చాలాసేపు చూశాడు. "వాడు రాయి తప్పు నాటినాడు, ఇంకా ఇవతలికి రావాల," అని చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో దిగాడు.