టాండెమ్ సైకిల్లో రెండు బీబీలు విప్పి బిగించడం: నా అనుభవం

టాండెమ్‌లో (ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరు తొక్కే సైకిల్) పెడల్ తొక్కినప్పుడల్లా కిరకిరమంటుంటే చాలామంది నేరుగా బేరింగులు మార్చడానికి దిగుతారు. నేను ముందు టైమింగ్ చైన్ దించుతాను. ఎడమ పక్కనున్న ఆ చైన్ రెండు బీబీలనూ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ చేతులైన క్రాంకులు తిరిగే యాక్సిల్, దాని బేరింగులు) కలిపి కట్టేస్తుంది కాబట్టి, అది బిగుతుగా ఉన్నంతసేపు యాక్సిల్‌లో ఉన్న లూజు చేతికి తెలియదు. చైన్ దిగాక ఒక్కో క్రాంక్ పట్టుకుని పక్కలకు ఊపితే, తర్వాత వేలితో మెల్లగా తిప్పితే, ఏ బేరింగు పాడైందో అప్పుడు తెలుస్తుంది.

మామూలు సైకిల్లో చైన్ లాగుడు కుడి వైపే ఉంటుంది. టాండెమ్ వెనక బీబీకి లాగుళ్లు రెండు: ఎడమన టైమింగ్ చైన్ ముందుకి, కుడిన మెయిన్ చైన్ వెనక్కి. యాక్సిల్ రెండు కొసలూ చెరో దిక్కుకి గుంజుకుపోతుంటాయి. ముందు బీబీలో ఎడమ కొస ఒక్కటే వెనక్కి పోతుంది. టైమింగ్ చైన్ అతి బిగుతుగా ఉంటే తొక్కకుండా దొర్లుతున్నప్పుడు కూడా రెండు ఎడమ బేరింగుల మీదా బరువు ఉంటుంది. అందుకే నేను మొదట చూసేది ముందు బీబీ ఎడమ కప్పు (బేరింగును పట్టి ఉంచే, మర ఉన్న గిన్నె).

విప్పే ముందు రెండు గుర్తులు పెడతాను. ముందు, వెనక టైమింగ్ పళ్లచక్రాల మీద ఒక్కో పన్నుకి, దాని మీద కూర్చున్న చైన్ లింకుకి పెయింట్ చుక్క. ఎక్సెంట్రిక్ (ముందు బీబీని మోసే గుండ్రటి ముక్క; యాక్సిల్ దాని నడిమధ్యలో కాక పక్కకి ఉంటుంది కాబట్టి తిప్పితే టైమింగ్ చైన్ బిగుస్తుంది, వదులవుతుంది) ఏ కోణంలో ఉందో ఫ్రేమ్ మీద ఒక గీత. షెల్ (ఫ్రేమ్‌లో బీబీ కూర్చునే అడ్డ గొట్టం) అంచు నుంచి ఎక్సెంట్రిక్ ఎంత లోపలికి ఉందో కూడా కొలిచి రాసుకుంటాను. అది పక్కలకు జరుగుతుంది. రెండు టైమింగ్ చక్రాలు ఒకే వరసలో ఉండటం ఆ కొలత మీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్సెంట్రిక్ వదులు చేయడం దాని రకాన్ని బట్టి ఉంటుంది. షెల్ కింద గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) ఉంటే రెండిటినీ వదులు చేస్తే చాలు. లోపల ఆప్పు (చీలలాంటి ముక్క) బిగించే రకమైతే బోల్టును నాలుగైదు చుట్లు మాత్రమే వదిలి, దాని తల మీద రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేయాలి. బోల్టు మొత్తం తీసేస్తే ఆప్పు లోపలే ఇరుక్కుపోతుంది, దాన్ని కదిలించడానికి ఇక పట్టు దొరకదు. వదులయ్యాక పిన్ స్పానర్‌తో (రంధ్రాల్లో పిన్నులు పెట్టి తిప్పే పానా) వెనక్కి తిప్పి చైన్ దించుతాను. దించిన వెంటనే ఎక్సెంట్రిక్‌ను మళ్లీ బిగిస్తాను. ఇది చాలామంది మరిచిపోయే సంగతి: కప్పు విప్పడానికి పెట్టే బలానికి వదులుగా ఉన్న ఎక్సెంట్రిక్ కూడా తిరిగిపోతుంది, కప్పు మాత్రం కదలదు. బిగించినా జారుతుంటే పిన్ స్పానర్‌తో ఇంకొకరు పట్టుకోవాలి.

చదరపు యాక్సిల్ అయితే క్రాంక్ బోల్టు తీశాక లోపల వాషర్ మిగిలిందేమో చూడాలి. అది ఉండగా పుల్లర్ (క్రాంక్‌ను యాక్సిల్ నుంచి లాగే పనిముట్టు) పెడితే క్రాంక్ మర ఊడుతుంది. పుల్లర్ మరను చేత్తోనే చివరిదాకా ఎక్కించి, ఆ తర్వాతే పానా పెట్టాలి.

ఇంగ్లిష్ మర ఉన్న ఫ్రేముల్లో కుడి కప్పుది ఎడమ మర. అంటే విప్పడానికి గడియారం ముల్లు తిరిగే దిక్కుకి తిప్పాలి. ఎడమ కప్పు మామూలు మరే. ఇటాలియన్ మర ఉంటే రెండూ మామూలువే. షెల్ వెడల్పు కొలిస్తే ఒక అంచనా వస్తుంది: ఇంగ్లిష్ సాధారణంగా 68 మి.మీ., ఇటాలియన్ 70 మి.మీ. అది తేల్చుకోకుండా బలం పెట్టకూడదు.

విడి బాల్స్ ఉండే పాత రకం బీబీలో పావు అంగుళం బాల్స్, పక్కకి 11, మొత్తం 22. కేజ్‌లో (బాల్స్‌ను పట్టి ఉంచే రింగు) అంతకన్నా తక్కువ పడతాయి. ఇద్దరి బలం పడే చోట కేజ్ తీసేసి విడి బాల్స్ వేయడమే నాకు నచ్చుతుంది. బాల్స్ ఎప్పుడూ మొత్తం సెట్ మారుస్తాను. పాతవి, కొత్తవి కలిపితే కాస్త పెద్దగా ఉన్న కొత్త బాల్స్ మీదే బరువంతా పడుతుంది. కిరోసిన్‌తో కడిగి ఆరాక యాక్సిల్ మీద బాల్స్ తిరిగే దారిని గోరుతో తడుముతాను. గోరు తట్టుకుంటే గుంట పడినట్టే, ఎంత గ్రీజు పెట్టినా అది పోదు, యాక్సిల్ మార్చాల్సిందే.

బేరింగులతో సహా ఒకే ముక్కగా సీల్ చేసిన కార్ట్రిడ్జ్ బీబీలో గరగర వస్తే మొత్తం మార్చడమే. బయటి కప్పుల్లో బేరింగులు ఉండే 24 మి.మీ. యాక్సిల్ రకంలో చాలావాటికి 6805 బేరింగు పడుతుంది: లోపలి వ్యాసం 25 (యాక్సిల్‌కీ దానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది), బయటిది 37, మందం 7 మి.మీ. కొత్తది ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. లోపలి రింగు మీద ఒత్తితే ఆ బలం బాల్స్ గుండా పోయి దారిలో గుంటలు పడతాయి, బేరింగు మొదటి రోజే పాడవుతుంది.

షెల్ లోపల నీళ్లు, తుప్పు పొడి కనిపిస్తే సీట్ ట్యూబ్ నుంచి దిగాయన్నమాట. షెల్ అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటే తీగతో శుభ్రం చేస్తాను.

ఎక్సెంట్రిక్ దగ్గర ఎక్కువ సమయం పెట్టాలి. బేరింగు అనుకున్న శబ్దం చాలాసార్లు ఇక్కడిదే. ఉక్కు షెల్‌లో అల్యూమినియం ముక్క పొడిగా కూర్చుంటే తొక్కిన ప్రతిసారీ వెంట్రుకవాసి కదిలి అరుస్తుంది, తడి తగిలితే పట్టేసుకుంటుంది. రెండు ముఖాలూ తుడిచి పలచగా గ్రీజు రాస్తాను. గ్రబ్ స్క్రూలు అల్యూమినియంలో గుంటలు చేస్తాయి. తర్వాత కొంచెం తిప్పి బిగించబోతే స్క్రూ జారి మళ్లీ పాత గుంటలోకే పోతుంది. దీనికి మందు ఒకటుంది: యాక్సిల్ కిందికి ఉండేలా తిప్పి వాడుతుంటే, ఈసారి పైకి ఉండేలా తిప్పాలి. చైన్ బిగువు అంతే వస్తుంది, స్క్రూకి కొత్త చోటు దొరుకుతుంది. ముందున్నవారి సీటు ఎత్తు మాత్రం మళ్లీ సరిచేయాలి.

బిగింపు లెక్కలు తయారీదారు కాగితం ప్రకారం ఉండాలి. నేను వాడిన షిమానో రకాలకైతే: కార్ట్రిడ్జ్ కప్పులు 50–70 న్యూటన్ మీటర్లు, చదరపు యాక్సిల్ క్రాంక్ బోల్టు 35–50, బయటి బేరింగు కప్పులు 35–50, ఆ రకం ఎడమ క్రాంక్‌ను యాక్సిల్ చుట్టూ నొక్కి పట్టే పక్క బోల్టులు 12–14. ఎడమ క్రాంక్ ప్లాస్టిక్ మూతకి 0.7–1.5 చాలు, దాన్ని గట్టిగా తిప్పితే బేరింగులు నొక్కుకుపోతాయి. మరలన్నిటికీ గ్రీజు రాయాలి.

చివరికి చైన్. గుర్తులు కలిపి ఎక్కించి, ముందు క్రాంక్‌ను రెండు బీబీలను కలిపే గొట్టానికి సమాంతరంగా పెట్టి వెనకది చూస్తాను. 40 పళ్ల చక్రమైతే ఒక పన్ను తేడాకి 9 డిగ్రీలు తప్పుతుంది, కంటికే తెలుస్తుంది. ఎక్సెంట్రిక్ ముందుకి తిప్పి, క్రాంకులు ఒక పూర్తి చుట్టు తిప్పుతూ చైన్ ఎక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉందో వెతకాలి. ఆ చోట, మధ్యలో, పైకి కిందికి కలిపి సుమారు 12 మి.మీ. ఆడాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే బిగుతు చోట బేరింగులు నలుగుతాయి. రెండు చోట్లకీ తేడా మరీ ఎక్కువుంటే చక్రం మధ్యలో కూర్చోలేదని అర్థం: చక్రం బోల్టులు కొద్దిగా వదిలి, బిగుతు చోట చైన్ మీద మెల్లగా తట్టి, మళ్లీ బిగిస్తాను. ఎక్సెంట్రిక్ పూర్తిగా ముందుకి వచ్చినా చైన్ వదులుగానే ఉంటే చైన్ అరిగింది. 12 అంగుళాల చైన్ పొడవు అంగుళంలో పదహారో వంతు మేర సాగితే 0.5 శాతం అరుగుదల, అక్కడే మారుస్తాను.

ఇద్దరూ ఎక్కి తొక్కి వచ్చాక క్రాంక్ బోల్టులు, ఎక్సెంట్రిక్ స్క్రూలు మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూస్తాను. చదరపు యాక్సిల్ మీద క్రాంక్ మొదటి రైడులో కొంచెం లోపలికి కూర్చుంటుంది, బోల్టు అంతమేర వదులవుతుంది.