మా బల్లికి బొద్దింకను వెతికిన కథ

చెప్పు పుచ్చుకుని బొద్దింకల వెంటపడ్డ ఈ చేత్తోనే వాటికి క్యారెట్ తరిగి పెట్టే రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా పెంపుడు బల్లి లెపర్డ్ గెకోకి మొదట్లో మేతగా కీచురాళ్లు వేసేవాణ్ణి. రాత్రంతా రొద, డబ్బా తెరిస్తే కంపు. తినకుండా మిగిలిన ఒకటి, నిద్రపోతున్న బల్లి కాలివేలు కొరకడం చూశాక ఇక లాభం లేదనిపించింది.

ఇంట్లో తిరిగే బొద్దింకలనే పట్టి వేయొచ్చుగా అన్నారు కొందరు. ఏది మందు తిని వచ్చిందో, దేని కడుపులో ఏ పురుగులున్నాయో ఎవరికి తెలుసు?

అందుకే మేత కోసం పెంచి అమ్మే బొద్దింకల్నే తెద్దామనుకున్నాను. నా భయమల్లా అవి తప్పించుకుని ఇంట్లో కాపురం పెడతాయేమోనని. వాటిలో లాబ్‌స్టర్ రోచ్ అనే రకం అద్దం గోడ కూడా ఎక్కేస్తుంది, దాన్ని వెంటనే వద్దనుకున్నాను. రెడ్ రన్నర్ అనే రకం నున్నటి గోడ ఎక్కలేదు గానీ మూత తీస్తే మెరుపులా మాయమవుతుంది. పైగా గుడ్ల తిత్తులు పెడుతుంది. డూబియా రకం అలా కాదు. నిదానం, నున్నటి గోడ ఎక్కలేదు, గుడ్లను కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటుంది, ఈతకు 20 నుంచి 30 దాకా. టెన్షన్ ఉండదని అదే తెచ్చాను.

అసలు తంటా అప్పుడు మొదలైంది. వేసిన డూబియా వేసినట్టే బిగుసుకుపోయింది. కదలనిది మా బల్లి లెక్కలో తిండే కాదు. తల వంచి చూసి, తన గుహలోకి వెళ్లిపోయింది. కాసేపటికి బొద్దింక కూడా మట్టిలోకి దూరింది. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు నున్నటి గిన్నెలో వేసి పట్టకారుతో వెల్లకిలా తిప్పాను. ఆరు కాళ్లూ గాల్లో కొట్టుకుంటుంటే బల్లి తోక కొస సన్నగా వణికింది. మరుక్షణం కరుక్కుమన్న చప్పుడు!

ఆ సంబరంలో మర్నాడు కాస్త పెద్దది వేశాను, సగం మింగి కక్కేసింది. ఇప్పుడు బల్లి రెండు కళ్ల మధ్య ఎడం కంటే పొడవున్నది వేయను. బొద్దింకల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి కాల్షియం పొడి అద్దడం మానను.

రెడ్ రన్నర్ అయితే ఇలా తిప్పిపెట్టే పని ఉండదు, తెలుసు. ఆ పరుగుకే బల్లి వెంటపడుతుంది. కానీ ఆ డబ్బా మూత తీసే ధైర్యం నాకింకా రాలేదు.