లావెండర్: మూడో మొక్క కూడా పోయింది

జులై మొదటి వారం దాకా నిక్షేపంగా ఉంది. ముసురు పట్టిన ఐదో రోజుకి తల వాల్చేసింది. మట్టి తడిగానే ఉంది, ఆకులు చూస్తే మాత్రం వారం రోజులుగా నీళ్లు పోయనట్టు. హైదరాబాద్ ఎండకి లావెండర్ బతకదని అందరూ అంటారు కానీ నా మూడు మొక్కల్లో ఒక్కటీ ఎండకి పోలేదు, మూడూ వానల్లోనే పోయాయి, మూడూ ఇంగ్లిష్ రకమే.

ఈసారి ఒళ్లు మండి, పారేయకుండా కుండీ పగలగొట్టి చూశాను. 8 అంగుళాల మట్టి కుండీ, కింద రెండు ఇటుకలు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒకటిన్నర, సన్న కంకర ఒకటి, వర్మీకంపోస్ట్ గుప్పెడు. పైన పోసిన నీళ్లు 20 సెకన్లలో కింద కారేవి, ఇంక నాకేం టెన్షన్ అనుకున్నా. పగలగొట్టక ముందు కుండీ తూకం చూస్తే వేరే కథ. మే నెలలో బాగా ఎండినప్పుడు 4,300 గ్రాములు, నిండా తడిశాక 5,240. వానలో నుంచి తీసి రేకు కింద పెడితే మూడు రోజులకి 4,810, ఇంకో నాలుగు రోజులకి 4,620, అక్కడే ఆగిపోయింది. పైమట్టి వేలితో గీకితే పొడి పొడి. మరి ఆ 320 గ్రాముల నీళ్లు ఎక్కడ దాక్కున్నట్టు?

మధ్యలో! నర్సరీ నుంచి వచ్చినప్పటి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్ద, పిడికిలంత, చెక్కు చెదరకుండా అలాగే ఉంది. పిండితే 70 మిల్లీలీటర్లు కారాయి. నాలుగు నెలల్లో ఒక్క వేరూ దాన్ని దాటి బయటికి రాలేదు, పట్టుకుని లాగితే పైతోలు ఊడి సన్న దారం మిగిలింది. నా లెక్క ఏంటంటే, సన్నటి పీచు నీళ్లని గట్టిగా పట్టుకుంటుంది, పక్కనున్న ముతక ఇసుక వాటిని లాక్కోలేదు, అంటే నా గొప్ప మిక్స్ చుట్టూ గోడలా నిలబడిందంతే. మొక్క వాలాక లీటరుకి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే బూజు మందు కూడా కలిపి పోశాను, దండగ. నా అనుమానం ఫైటోఫ్తోరా, అంటే వేర్లు కుళ్లబెట్టే, బూజులా కనిపించే సూక్ష్మజీవి, దాని మీద ఆ మందు పనిచేయదు. మిద్దె తోటల వాళ్లు అన్నిటికీ కోకోపీట్ అంటారు, టమాటాకి సరే, దీనికి మాత్రం వద్దు బాబోయ్.

లావెండర్లోనే ఇంకో రకం డెంటాటా, దాని కొమ్మ కటింగ్స్ తొమ్మిదిలో ఆరు వేర్లు పట్టాయి, వట్టి ఇసుకలోనే. (పక్కింటి పిన్నిగారు ఆకు నలిపి వాసన చూసి, ఇది దవనమే కదా అన్నారు.)

జమ్మూ వైపు భదర్వాలో పొలాలకి పొలాలే ఇంగ్లిష్ రకం వేస్తున్నారు, ఆ చలి మనకెక్కడిది, కాబట్టి దాని మీద ఆశ వదిలేసినట్టే... అయినా అక్టోబర్ చివర్లో ఇంకొక్కటి తెస్తా. ముద్దని బకెట్ నీళ్లలో నానబెట్టి కోకోపీట్ మొత్తం కడిగేసి, వేర్లు విడదీసి నాటాలి. వర్మీకంపోస్ట్ కూడా ఉండదు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అది వేరే గొడవ, దానికి డాబా మీద వాన నీళ్ల డ్రమ్ము పెడదామని చూస్తున్నా. ఈలోగా డెంటాటా కుండీలు రోజూ తూస్తున్నా, పెద్దది నిన్న 4,710, ఇవాళ పొద్దున 4,580.