నా కంట్లో గ్యాస్, మా ఇంటికి ఘాట్ రోడ్డు

రెటీనా, అంటే కంటి వెనక వెలుతురు పట్టే పొర, ఊడిపోతే దాన్ని అతికించడానికి కంట్లో గ్యాస్ పెట్టించుకుని వచ్చినవాళ్లకు "విమానం ఎక్కకూడదు" అని చెప్పడం నా డ్యూటీలో ఒక భాగం. చెప్పినప్పుడల్లా వాళ్లు నవ్వేవారు. నందపూర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన అయితే, "విమానం ఎక్కేవాడినైతే నీ దగ్గరికెందుకొస్తాను దిదీ" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

కొరాపుట్‌లో ఒక ఆసుపత్రి కంటి విభాగంలో పదకొండేళ్లుగా నర్సును. మా ఇల్లు సునాబెడలో. నాన్న సాలూరు నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. పెద్ద జబ్బు అంటే ఘాటీ దిగి విశాఖకే పోతాం. భువనేశ్వర్ అంటే మాకు రాత్రంతా ప్రయాణం.

మా దగ్గర జరిగేవి ఎక్కువగా శుక్లాల ఆపరేషన్లు. నేను చూపు చూస్తాను, చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేస్తాను, కంటి ప్రెషర్ కొలుస్తాను, ఆపరేషన్ అయినవాళ్లకు జాగ్రత్తలు చెబుతాను. చదువు రానివాళ్లకు ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని అటూ ఇటూ తిప్పిన చార్టు ఉంటుంది. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించాలి. నవంబరు వచ్చిందంటే కోతల రోజులు. ఊకో, వరి ఆకో కొట్టుకుని నల్లగుడ్డు మీద పుండుతో వచ్చేవాళ్లు బారులు తీరతారు. అలాంటి నవంబరులోనే నా ఎడమ కంట్లో మెరుపులు మొదలయ్యాయి.

నాకు మైనస్ 9 అద్దాలు. అంత పవరున్న కంట్లో మెరుపులు, కొత్తగా నల్ల చుక్కలు కనిపిస్తే రెటీనా చిరిగిందేమోనని అనుమానించాలి. రోగి ఎవరైనా వచ్చి ఇదే చెబితే అప్పటికప్పుడే చీటీ రాయించి పంపేదాన్ని. నా కంటికి మాత్రం, రెండు రోజులు నిద్ర లేక అలా ఉందని నేనే చెప్పుకున్నాను. ఇన్‌ఛార్జి సిస్టర్ సెలవులో ఉంది, ఓపీలో నిలబడడానికి చోటు లేదు. మూడు రోజులు అలాగే గడిపాను. నాలుగో రోజు కింద ముక్కు వైపు నుంచి ఒక నీడ లేచింది. కుడికన్ను మూసుకుని మా గోడమీది చార్టునే చూశాను. కింది వరుసలు లేవు.

మా సార్ ఒక్క నిమిషం చూశారు. "ఈ రాత్రికే బయల్దేరు" అన్నారు. ఎందుకు ఆగావని అడగలేదు. ఆ అడగకపోవడానికి ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. ఎందుకంటే తర్వాత ప్రతి ఒక్కరూ అదే అడిగారు. మా ఆడపడుచు అయితే, "కళ్ల ఆసుపత్రిలో పనిచేస్తూ సొంత కన్ను చూసుకోలేదా వదినా" అని ఫోన్‌లో పదిమంది వినేలా అంది.

విశాఖలో జరిగిన ఆపరేషన్ గురించి పెద్దగా రాయడానికి లేదు. మాది ఒడిశా కార్డు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించదన్నారు, గాజులు బ్యాంకులో పెట్టాం. కంటి లోపలి జెల్లీ తీసేసి, ఊడిన రెటీనాను అతికించి, చిరుగు చుట్టూ లేజర్ కొట్టి, లోపల సీ త్రీ ఎఫ్ ఎయిట్ అనే గ్యాస్ నింపారు. గ్యాస్ బుడగ రెటీనాను లోపలి నుంచి గోడకు అదిమి పట్టుకుంటుంది. కరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సర్జన్ గారిది దేవుడి చెయ్యి. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

ఐదు రోజులు లాడ్జిలో బోర్లా పడుకున్నాను. ఆరో రోజు చెకప్, డిశ్చార్జి. కాగితాలు ఇస్తున్న చిన్న డాక్టరమ్మ నా కేసు షీటు చూసి నవ్వింది. "మీరు కంటి నర్సే కదా సిస్టర్, మీకు మేం చెప్పేదేముంది?" అంది. మందుల చీటీ, విమాన ప్రయాణం వద్దు అని అచ్చు వేసిన ఒక గీత, అంతే. పక్కన ఉన్న ముసలమ్మకు మాత్రం పావుగంట కూర్చుని అన్నీ చెప్పింది. నన్ను గౌరవించిందనుకుని పొంగిపోయాను కూడా.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాం, నేనూ మా ఆయనా. చీకటి పడే వేళకు సాలూరు దాటింది. ముందు సీటు మీద చున్నీ మడిచి, దానిమీద నుదురు ఆనించి కూర్చున్నాను. ఘాటీ మొదలైన కాసేపటికి కన్ను బరువెక్కింది. సుంకి చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుంది. వాంతి అయింది. కండక్టరు నిమ్మకాయ ఇచ్చి, "ఘాట్లో అందరికీ అలాగే ఉంటాది తల్లీ" అన్నాడు. నిజమే, మా బస్సుల్లో నిమ్మకాయ లేకుండా ప్రయాణం ఉండదు. పొట్టంగి దగ్గర కట్టు ఎత్తి, ఫోన్ లైటు ఎడమ కంటి ముందు పెట్టుకున్నాను. గ్యాస్ ఉన్న కంటికి ఏమీ స్పష్టంగా కనిపించదు కానీ వెలుతురు తెలియాలి. తెలియలేదు. నల్లగా ఉంది. మూసిన తలుపులా.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. పిల్లలు ఎదురొచ్చారు, వాళ్ల మొహాలు చూడలేకపోయాను. కనురెప్ప మీదుగా వేలితో తాకి చూస్తే గుడ్డు గోళీకాయలా గట్టిగా ఉంది. విశాఖ ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరుకి మా ఆయన ఫోన్ చేశారు. ఆపరేషన్ అయ్యాక నొప్పి మామూలేనని, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టి పొద్దున్నే తీసుకురమ్మని చెప్పి అవతలివాళ్లు పెట్టేశారు.

పొద్దున్న దాకా ఆగి ఉంటే నేను ఈరోజు ఒక కంటితోనే ఇది రాస్తూ ఉండేదాన్నేమో.

తొమ్మిది దాటాక సిగ్గు విడిచి మా సార్‌కి ఫోన్ చేశాను. నొప్పి, వాంతులు, చూపు పోవడం అన్నీ గబగబా చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్నే వేశారు.

"ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే సార్. సునాబెడలో."

అవతల రెండు క్షణాలు మాట లేదు. తర్వాత అంత గట్టిగా ఆయన అరవడం ఎప్పుడూ వినలేదు. "డయామాక్స్ రెండు మాత్రలు వేసుకో. కారు పట్టుకుని కిందికి దిగు. ఇప్పుడే. సామాన్లు సర్దకు."

అప్పుడు వెలిగింది. విమానం ఎందుకు ఎక్కకూడదు? పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లో గ్యాస్ వ్యాకోచిస్తుంది, గుడ్డు సాగదు కాబట్టి లోపల ప్రెషర్ పెరిగి రెటీనాకు రక్తం అందదు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే. కొరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు, సునాబెడ కూడా అదే పీఠభూమి మీద ఉంది. సముద్రం ఒడ్డున విశాఖలో నింపిన గ్యాస్‌తో మూడు గంటల్లో ఇంత ఎత్తు ఎక్కేశాను. విమానం ఎక్కకుండానే విమానంలో కూర్చున్నట్టు అన్నమాట. తర్వాత సాలూరులో మా బాబాయ్‌కి చెబితే, "ఓస్ అంతేనా! లారీలో సిప్స్ పేకెట్లు ఘాటీ ఎక్కాక బూరెల్లా ఉబ్బిపోవా?" అన్నాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషికి తెలిసింది నర్సుకి తట్టలేదు, ఆసుపత్రికి తట్టలేదు.

పక్కింటివాళ్ల కారు, వాళ్లబ్బాయే డ్రైవరు. పొట్టంగి దాటాక మంచు తెర. రోడ్డు పక్క తెల్లగీత పట్టుకుని నడిపాడు. ఎదురుగా లారీలు. నేను వెనక సీట్లో తల వంచుకుని సాలూరు శ్యామలాంబను తలుచుకుంటున్నాను. రెటీనాకు రక్తం ఆగిపోతే కన్ను నిలబడేది గంటల లెక్కేనని చదువుకున్నదాన్ని కదా, ప్రతి మలుపుకీ వాచీ అడిగాను. మా ఆయన టైము తప్పు చెబుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

సుంకి దిగాక నొప్పి కొంచెం వదిలింది. మొదట నమ్మలేదు. ఇంకొన్ని మలుపులు దిగాక ఎదురొచ్చిన లారీ హెడ్‌లైట్లు పడితే ఎడమ కంట్లో బూడిద రంగు మెరుగు కనిపించింది. "ఆపు, ఆపు" అని అరిచాను. భయపడి ఆపాడు. ఇంకో లారీ వచ్చేదాకా రోడ్డు పక్కనే ఉన్నాం. మళ్లీ వెలుతురు. మా ఆయన ఏడ్చారు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అదొక్కసారే చూశాను.

రాత్రి రెండింటికి విశాఖలో ప్రెషర్ కొలిస్తే 8. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. కిందికి దిగాక గ్యాస్ మళ్లీ కుంచించుకుంది, కంటి ప్రెషర్ తగ్గించే డయామాక్స్ మాత్ర పనిచేసింది, అందుకే తక్కువ చూపించింది. డ్యూటీ డాక్టరు మాత్రం, "ప్రెషర్ అసలు లేనే లేదు కదండీ, టెన్షన్ పడిపోయి వచ్చేసినట్టున్నారు" అన్నాడు. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. పొద్దున్న సర్జన్ గారు వచ్చి, ఏ దారిలో వెళ్లామో, ఎక్కడ నొప్పి మొదలైందో, ఎక్కడ తగ్గిందో అంతా విన్నారు. కాసేపు కిటికీ వైపు చూశారు. "అడగాల్సింది" అన్నారు, అంతే. నా కేసు షీటు మీద ఎర్ర సిరాతో మా ఊరి ఎత్తు రాశారు. కొండమీద ఉండేవాళ్లని ముందే తెలిస్తే గ్యాస్ బదులు, ఎత్తుకు పోయినా ఉబ్బని సిలికాన్ ఆయిల్ పెట్టే వీలుందని, కాకపోతే దాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఆయన మీద కోపం పెట్టుకోలేను. పెట్టుకోకుండానూ ఉండలేను.

ఏడు వారాలు సాలూరులో పిన్ని ఇంట్లో ఉన్నాను. బోర్లా పడుకుని నేల మీద చీమల్ని కుడికంటితో లెక్కపెట్టాను. పిన్ని పీట కింద పళ్లెం పెట్టి అన్నం తినిపించేది. బుడగ తగ్గేకొద్దీ చూపు పైనుంచి కిందికి తేటపడింది. మధ్యలో ఒక గీత, తల కదిపితే ఊగి మళ్లీ సమంగా నిలబడేది, తాపీమేస్త్రి రసమట్టంలోలాగా. చివరికి గీత గుండ్రమైంది, గురిగింజంత అయింది, ఒక ఆదివారం నాటికి లేదు. పిల్లల దగ్గరికి ఘాటీ ఎక్కిన రోజు ప్రతి మలుపులోనూ కళ్లు మూసి తెరిచి చూసుకున్నాను.

ఇప్పుడు ఎడమ కంటికి అద్దాలతో 6/18, అంటే మంచి కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివేది నాకు ఆరు మీటర్లలో ఉంటేనే తెలుస్తుంది. తలుపు అంచులు కొంచెం వంకరగా కనిపిస్తాయి. ఈ ఆపరేషన్ తర్వాత శుక్లం త్వరగా వస్తుంది కాబట్టి ఏదో ఒకరోజు మా సార్ టేబుల్ మీద నేనూ పడుకోవాలి.

ఇక ఆ ముసలాయన. డ్యూటీలో చేరిన మొదటి వారమే పాత రిజిస్టరు తీశాను. విశాఖలో గ్యాస్ పెట్టించుకుని, పది రోజుల తర్వాత గుడ్డు గట్టిపడి, చూపు లేకుండా మా దగ్గరికి వచ్చాడు. "బస్సులోనే మొదలైంది దిదీ" అన్నాడు, అది నాకు బాగా గుర్తుంది. రిజిస్టరులో నా చేతిరాత ఉంది: చుక్కల మందు సరిగ్గా వేసుకోలేదు. ఆయన కన్ను ఎందుకు పోయిందో ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లను అడుగుతూనే ఉన్నాను. బతికే ఉన్నాడట, మేకలు కాస్తున్నాడట. కబురు పంపితే రాలేదు.

మా సార్‌ని ఒప్పించి ఒక రబ్బరు స్టాంపు చేయించాను. రెండు వందలైంది, నేనే ఇచ్చాను. రెటీనాకని కిందికి పంపే ప్రతి చీటీ మీద గుద్దుతాను: రోగి ఇల్లు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు, పాడేరు వాళ్లు ఇది చదువుతుంటే మీ చీటీ మీద పెన్నుతోనైనా రాయించుకోండి. రైలైతే ఫరవాలేదనుకోకండి, అరకు దగ్గర ఆ లైను దాదాపు వెయ్యి మీటర్ల దాకా ఎక్కుతుంది. పళ్లకో, మరో చోటికో మత్తు ఇస్తానన్నా కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పండి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు కూడా ఆ బుడగను ఉబ్బిస్తుంది.

స్టాంపు వేయడం తేలికే. పోయిన నెల పొట్టంగి నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకు ఆపరేషన్ అని చీటీ తీసుకుని, "ఆరు వారాలు కింద ఎవరింట్లో ఉండాలి దిదీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పిన్ని నంబరు ఇచ్చాను.

నిన్న రాత్రి పిన్ని ఫోన్. "ఏటే, నువ్వంపినాయన బోర్లా పడుకోమంటే పడుకోడే, బీడీకని వీధిలోకి పోతన్నాడు. నా మాట ఆయనకి తెలీదు, ఆయన మాట నాకు తెలీదు. నువ్వే సెప్పు" అని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.