నాన్న మొక్కు, కొండగుడి మెట్లు

మొన్న డిసెంబరు 8న విశాఖపట్నంలో రాస్ హిల్ మీదున్న మరియమ్మ గుడికి, అదే మా కొండగుడికి, వెళ్ళొచ్చాం. ఎడమ అరికాలి గాయం ఇంకా పచ్చిగానే ఉంది, కుంటుకుంటూనే ఆఫీసుకి వెళ్తున్నాను. అది మానేలోగా ఇదంతా రాసేయాలనిపించింది.

మొక్కు నాది కాదు, మా నాన్నది. కిందటేడు అక్టోబరులో మా పాపకి డెంగ్యూ వచ్చింది. నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు 22 వేలకి పడిపోయాయి. రాత్రి పదకొండింటికి డాక్టరు గారు వచ్చి, పొద్దున రిపోర్టు చూసి ఎక్కించాలో లేదో చెప్తామని వెళ్ళిపోయారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాన్న వరండాలో బెంచీ మీద కూర్చుని తెల్లవార్లూ జపమాల తిప్పుతూనే ఉన్నారు. తెల్లారగట్ల కాఫీ పట్టుకెళ్తే, "మరియమ్మకి మొక్కుకున్నాను తల్లీ. పిల్ల లేచి కూర్చుంటే డిసెంబరు పండక్కి జ్ఞానాపురం పెద్దగుడి నుంచి కొండగుడి దాకా చెప్పుల్లేకుండా నడిపించుకెళ్తాను. నేనూ అంతే" అన్నారు. ఆ పొద్దున లెక్క 31 వేలు. మర్నాటికి 54. పిల్ల ఇడ్లీ అడిగింది. మందులూ సెలైనూ పని చేశాయని నాకూ తెలుసు. ఆ పని చేయించింది ఎవరో కూడా తెలుసు.

ఆ డిసెంబరులోనే నాన్నకి గుండెలో స్టెంట్లు వేశారు. మెట్లెక్కకూడదన్నారు. మొక్కు ఆగిపోయిందని ఆయన బెంగపడితే, "అమ్మ తొందరపెట్టదులే నాన్నా, వచ్చే ఏడు వెళ్దాం" అని నేనే సర్దిచెప్పాను. ఈ ఏడు, ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం మూడో వారంలో ఆయన వెళ్ళిపోయారు.

తపస్సుకాలంలో అల్లెలూయ పాడరు కదా. నాన్న మట్టికి కూడా పాడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా మా విచారణ గుడి గాయక బృందంలో నిలబడిన మనిషి, పండగొస్తే అందరికంటే గట్టిగా అల్లెలూయ అందుకునే మనిషి, ఆ మాట వినకుండానే జ్ఞానాపురం శ్మశానంలో పడుకున్నారు. అదొక ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత పాస్కా జాగరణ, అంటే ఈస్టరు ముందు రాత్రి పూజ, వచ్చింది. చీకటి గుడిలోకి పాస్కా కొవ్వొత్తి వచ్చింది, ఒకరి నుంచి ఒకరం వెలిగించుకున్నాం, గంటలు మోగాయి, గుడంతా ఒక్కసారిగా అల్లెలూయ అందుకుంది. నాకు నోరు పెగల్లేదు. నమ్మకం లేక కాదు, గొంతు రాలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

మట్టి చేసిన రోజు ఫాదర్ గారు చెప్పిన మాట మాత్రం నాతోనే ఉంది. "ఆత్మ ఒక్కటీ దేవుడి దగ్గరికి పోతుందని చెప్పి మనం ఊరుకోం. జపమాల మొదలుపెట్టినప్పుడల్లా విశ్వాస సంగ్రహంలో శరీర ఉత్థానాన్ని నమ్ముతున్నామంటాం. లేచిన ప్రభువు శిష్యుడైన తోమాకి చూపించింది గాయాలున్న ఆ చేతుల్నే" అన్నారు. నాన్న పోర్టులో ఖలాసీ. ఓడల తాళ్ళు లాగి లాగి అరచేతులు చెప్పు తోలులా అయిపోయాయి. కుడి చూపుడువేలికి గోరు సగమే ఉండేది. ఆ చేతులే లేస్తాయన్న మాట. నవంబరు 2న, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున, సమాధుల మీద తీర్థం చల్లుతుంటే నాకు అదే తలపు. బంతిపూల మధ్య మోకరించి, "మొక్కు మేం తీరుస్తాం నాన్నా" అని చెప్పాను.

8వ తారీఖు తెల్లవారుజామున నాలుగున్నరకి జ్ఞానాపురం చేరాం. మోకాళ్ళ నొప్పులతో అమ్మ పిన్నివాళ్ళింట్లో ఆగిపోయింది. మా ఆయనది నైట్ షిఫ్టు. నేనూ పాపా పునీత పేతురు గారి పెద్దగుడి ముందు చెప్పులు సంచిలో పెట్టుకుని, సిలువ గుర్తు వేసుకుని బయల్దేరాం. చేతిలో నాన్న జపమాల. నల్ల కొయ్య పూసలు, తిప్పి తిప్పి నున్నగా అయిపోయాయి. నాలుగో పది పూసల వరసలో ఒక పూస ఎప్పుడో పగిలిపోతే, ఆ చోట నాన్న నైలాన్ తాడుతో గట్టి ముడి వేశారు. తాళ్ళు ముడెయ్యడం ఆయన చేతిలో విద్య. కొత్త జపమాల కొంటానంటే, "ముడి మీద చెప్పిన మంగళవార్త జపం కూడా అమ్మకి చేరుతుందిలే" అనేవారు.

దారిలో పాపకి నాన్న నాకు చెప్పినవే చెప్పాను. 1846లో ఆల్ప్స్ కొండల పక్క ఆన్సీ పట్టణం నుంచి ఫాదర్లు ఓడెక్కి ఈ ఊరొచ్చారని. 1864లో రాస్ అనే దొర కొండ మీద ఇల్లు కట్టుకుంటే, తర్వాత అదే గుడి అయిందని, అందుకే రాస్ హిల్ అంటారని. ఆ పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. మూడూ భుజం భుజం ఆనించుకుని హార్బరుని చూస్తుంటాయని.

"ఈ రోజు ఏం పండగమ్మా?" అంది. అమలోద్భవి మాత పండగ అన్నాను. ఇది పెద్దవాళ్ళు కూడా పొరబడే సంగతి. అమలోద్భవి అంటే ఏసుప్రభువుని కన్యగా గర్భం ధరించడం అనుకుంటారు. కాదు. మరియమ్మ తన తల్లి అన్నమ్మ గారి కడుపున పడ్డ క్షణం నుంచే జన్మపాపం అంటకుండా ఉండటం. 1854లో ఇదే డిసెంబరు 8న తొమ్మిదో పియుస్ పోపుగారు దాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించారు. నాలుగేళ్ళకి ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తు అనే అమ్మాయికి కనిపించిన తల్లి తన పేరు అదేనని చెప్పింది. పాపకి అంతా అర్థమైందో లేదో గానీ, "అయితే అమ్మకి బుగ్గ మీద మట్టి కూడా అంటలేదన్న మాట" అంది. ఉపదేశి గారు వింటే మెచ్చుకునేవారు.

మహిమ రహస్యాలు, అంటే జపమాలలో ఒక్కో పదికి ఒకటి చొప్పున తలుచుకునే అయిదు ఘట్టాలు, చెప్పుకుంటూ కాన్వెంట్ జంక్షన్ దాటాం. లారీల దుమ్ము, కంకర. ఉత్థానం అయింది, మోక్షారోహణం అయింది. పాత పోస్టాఫీసు వైపు తిరిగేసరికి జనం చిక్కబడ్డారు. మూడో రహస్యం చెప్పడం అవుతుండగా ఎవరో వెనక నుంచి తోసేశారు. రోడ్డు వారకి అడుగేస్తే గాజుపెంకు కసుక్కున దిగింది.

ఎలాగో మెట్ల మొదటికి వచ్చి కూలబడ్డాను. నెత్తురు ఆగట్లేదు. పాప ఏడుపు మొహం పెట్టింది. ఇక ఎక్కలేను, మొక్కు మళ్ళీ ఆగిపోతుందన్న భయం నొప్పి కంటే ఎక్కువగా ఉంది. వందలమంది దాటిపోతున్నారు. అప్పుడొకావిడ ఆగింది. యాభై దాటి ఉంటాయి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, నుదుట కుంకుమ.

"ఏటమ్మా, అంత నెత్తురేటి? సూడనీ" అంటూ కింద కూకుని నా కాలు తన ఒడిలో పెట్టుకుంది. నేను వద్దంటున్నా వినలేదు. సీసాలో నీళ్ళతో కడిగి, పెంకు ముక్క గోళ్ళతో లాగేసి, కొంగున కట్టిన పొట్లం విప్పింది. మరియమ్మకి ఇద్దామని తెచ్చుకున్న పసుపు అది. గుప్పెడు తీసి గాయం మీద అదిమేసింది.

"అయ్యో, అమ్మకి తెచ్చుకున్నది కదండీ" అన్నాను.

"అమ్మకి తెచ్చిందే. నీకెడితే ఆవిడికెట్టినట్టు కాదేటి?" అంది.

జాలరిపేట మనిషి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వాళ్ళ బోటుని ముక్కలు చేసేసిందట. "బోటు పోనాది, మనిషి మిగిలాడు. అప్పట్నుంచి పేతి ఏడూ ఒస్తాను" అంది. పాప చేతిలో కొవ్వొత్తి సముద్రపు గాలికి ఆరిపోతుంటే, కొవ్వొత్తులమ్మే కుర్రాడి దగ్గర బ్లేడు అడిగి, ఖాళీ అయిన ఆ నీళ్ళ సీసానే సగానికి కోసి, మూతి లోంచి కొవ్వొత్తి దూర్చి ఇచ్చింది. మంట నిలబడింది. చేతి మీద మైనం కూడా పడలేదు. పైదాకా నన్ను భుజం పట్టుకుని ఎక్కించింది. గుడి ముందు గుంపులో విడిపోయాం. పేరైనా అడగలేదు.

ఆ గుంపు గురించి చెప్పకుండా ఉండలేను. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకే మెట్ల మీద. క్యూ అని ఒకటుంది గానీ పక్కనుంచి దూరేవాళ్ళే ఎక్కువ. చంటిపిల్లలు కిక్కిరిసిపోయి ఏడుస్తుంటే, ముందున్న వాళ్ళు మరియమ్మ స్వరూపానికి వీపు తిప్పి సెల్ఫీలు! అంత దూరం వచ్చి తల్లికి వీపు చూపిస్తారా? నాకు నిజంగా కోపమొచ్చింది. జపం మనసులో కూడా సాగలేదు. గంటకు పైగా నిలబడితే మా వంతు వచ్చింది.

దర్శనం ఎంతసేపని? వాలంటీరు "నడవండి, నడవండి" అంటూనే ఉన్నాడు. పూలదండల మధ్య నుంచి అమ్మ మొహం మాత్రమే కనిపించింది. కొంచెం వంచిన తల, కిందికి చూసే కళ్ళు. పాపని ఎత్తి పట్టుకున్నాను. అడగాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. "మా నాన్న పంపించారమ్మా" అన్నాను, అంతే. అమ్మ నన్ను చూసింది. గుంపులో అందరికీ అలాగే అనిపించి ఉంటుంది. అయినా నన్ను చూసింది.

బయట షామియానా కింద దివ్యబలిపూజ మొదలైంది. జాగా లేక పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. కింద ఛానెల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా ఒక ఓడ లోపలికి వస్తోంది, టగ్గులు మెల్లగా తిప్పుతున్నాయి. 1933లో ఈ హార్బరుకి వచ్చిన మొదటి ఓడ పేరు జలదుర్గ అని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. ఈ ఓడ తాడు కూడా ఎవరో ఒకరు అందుకుంటారు కదా, నాన్నలాంటి చేతులతో, అనుకుంటూ చూస్తున్నాను. ఇంతలో సువిశేషానికి ముందు అందరూ లేచి అల్లెలూయ అందుకున్నారు.

నాకు తెలియకుండానే పాడుతున్నాను. రెండోసారి వచ్చేసరికి గానీ అది నా గొంతేనని తెలియలేదు. పాప తలెత్తి నా మొహంలోకి చూసింది. నాన్న మట్టి నాడు రాని మాట, పాస్కాకి రాని మాట, ఆ ఎండలో, ఆ తోపులాటలో, పసుపూ నెత్తురూ కలిసిన కాలితో వచ్చింది. ఆయన పునీతుల మధ్య నిలబడి అందుకుంటేనే మాకు ఇక్కడ వినిపించిందనిపించింది. పునీతుల బాంధవ్యం అని సత్యోపదేశంలో చదువుకున్నది ఇదే కాబోలు. దివ్యసత్ప్రసాదం అందుకుని చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

దిగడం, ఆటో దొరకడం ఎలా జరిగిందో సరిగా గుర్తు లేదు. అమ్మని ఎక్కించుకుని ముగ్గురం శ్మశానానికి వెళ్ళాం. పాప ఆ సగం సీసాని ఎక్కడా వదల్లేదు. నాన్న సమాధి మీద పెట్టి మిగిలిన కొవ్వొత్తి వెలిగించింది. మధ్యాహ్నపు గాలి గట్టిగానే ఉంది, అయినా మంట ఆరలేదు. అమ్మ సమాధి గట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది.

జపమాల మూడో రహస్యం దగ్గర ఆగిపోయింది కదా, మిగతాది అక్కడే పూర్తి చేద్దామన్నాను. నాలుగోది మరియమ్మ మోక్షారోపణం. ఆత్మతోనూ శరీరంతోనూ అమ్మని దేవుడు మోక్షానికి తీసుకెళ్ళాడని 1950లో పన్నెండో పియుస్ పోపుగారు ప్రకటించిన సత్యం. "అమ్మ ముందు నడుస్తోంది, మనం వెనకాల" అని నాన్న ఆగస్టు 15 పండక్కి అనేవారు. పాప చేతిలోనే జపమాల. ఒక్కో పూసా జరుపుతూ ముడి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది తాతది. ఇది నేను చెప్తా" అంది.

చిన్న వేళ్ళతో ముడిని గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టింది. "ఇప్పుడును మా మరణ సమయమందును" దగ్గర నేనూ అమ్మా గొంతు కలిపాం.